మాస్టారి పోస్టుకార్డు: ‘ఇండల్జ్ ఇన్’ అనే మాట గురించి
(స్మారకోపన్యాస పాఠం)

 

మాస్టారి పేరున మాట్లాడమని కబురు వచ్చినప్పుడు, నేను ఆయన బడి గురించో, ఆయన దిద్దిన నోటుపుస్తకాల గురించో మాట్లాడతానని మీరు అనుకుని ఉంటారు. నేను ఒక ఇంగ్లిషు మాట గురించి మాట్లాడడానికి వచ్చాను. ‘ఇండల్జ్ ఇన్’. రెండే ముక్కలు. ఈ రెండు ముక్కల మీద మాస్టారు నాకొక పోస్టుకార్డు రాశారు. అప్పట్లో నేను దానికి సరైన జవాబు రాయలేదు. ఇవాళ ఆ జవాబు చదువుతున్నాను.

సంగతి 1987 నాటిది. ఒక దినపత్రిక డెస్కులో కొత్తగా చేరిన సబ్ ఎడిటర్ని నేను. రాత్రి షిఫ్టు. టెలిప్రింటర్ మీద వచ్చే ఇంగ్లిషు వార్తల్ని చించుకుని, తెలుగు చేసి, కంపోజింగుకు పంపడం పని. ఆ రాత్రి ఒక పట్టణంలో పారిశుధ్య కార్మికుల సమ్మె వార్త వచ్చింది. మూడు నెలలుగా జీతాలు లేవని వాళ్లు మునిసిపల్ ఆఫీసు ముందు కూర్చున్నారు. ఇంగ్లిషు కాపీలో ‘ఇండల్జ్‌డ్ ఇన్ స్లోగన్ షౌటింగ్’ అని ఉంది. నేను క్షణం ఆలోచించకుండా ‘నినాదాలకు పాల్పడ్డారు’ అని రాసేశాను. తెల్లవారి పేపర్లో అచ్చయింది. నాలుగో రోజున కార్డు వచ్చింది.

‘ఏరా, జీతం అడగడం నేరమైతే అది ఏ సెక్షనో కూడా రాయి. కాకపోతే వాళ్లు పాల్పడ్డారని ఎందుకు రాశావు? ఇంగ్లిషులో ఇండల్జ్ అని ఉందంటావేమో. ఆ మాట ఎక్కణ్ణుంచి బయల్దేరిందో చూడు. అందులో మొదట ఒక ఇచ్చేవాడున్నాడు. వాడేమయ్యాడో వెతికి నాకు రాయి.’

నేను ‘తప్పయింది మాస్టారూ, ఇక జాగ్రత్తగా ఉంటాను’ అని రాశాను. ఆయన అడిగింది క్షమాపణ కాదు. ఇచ్చేవాడేమయ్యాడని అడిగారు.

ముందు వ్యాకరణం. అక్కడ మొదలుపెట్టకపోతే మాస్టారు ఊరుకోరు. ఇంగ్లిషులో ఒక క్రియ వెనక ‘ఇన్’, ‘ఆఫ్’, ‘అప్’ లాంటి చిన్న ముక్క చేరి అర్థాన్ని ఎటో తిప్పేస్తుంది. ఇది పరాయివాళ్లకు ఎంత కష్టమో శామ్యూల్ జాన్సన్‌కు తెలుసు. 1755లో వెలువడిన తన నిఘంటువు పీఠికలో, ఇలాంటి కూడికలు ఇంగ్లిషులో లెక్కకు మించి ఉన్నాయని, విదేశీయులు ఎక్కువగా తడబడేది వీటి దగ్గరేనని, అందుకే శ్రద్ధగా పోగుచేశానని చెప్పుకున్నాడు. ‘ఫ్రేజల్ వెర్బ్’ అనే పేరు మాత్రం చాలా తర్వాతది. 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ తన పుస్తకంలో దాన్ని వాడుతూ, ఆ పేరు సూచించింది హెన్రీ బ్రాడ్లీ అని రాశాడు. ఇక మా తరానికి ఈ క్రియల నడక నేర్పింది ఎ. ఎస్. హార్న్‌బీ. జపానులో ఇంగ్లిషు చెబుతూ, అక్కడి విద్యార్థుల కష్టం చూసి ఆయన చేసిన నిఘంటువు 1942లో టోక్యోలో అచ్చయింది. అదే తర్వాత ఆక్స్‌ఫర్డ్ వారి చేతికి వచ్చి, మన బడిపిల్లల చేతిదాకా చేరింది. మాస్టారి బల్ల మీద ఉండే ప్రతికి అట్ట ఊడిపోతే, అమ్మగారు, అంటే ముందు వరసలో కూర్చున్న మాస్టారి సతీమణి, పాత చీర అంచుతో కుట్టి ఇచ్చారు. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

‘ఇండల్జ్ ఇన్’ను చాలా పుస్తకాలు ఫ్రేజల్ వెర్బుల పట్టీలోనే వేస్తాయి. నిక్కచ్చిగా చూస్తే అది ‘గివ్ అప్’ లాంటిది కాదు. ‘గివ్ అప్ ద జాబ్’ అనొచ్చు, ‘గివ్ ద జాబ్ అప్’ అనీ అనొచ్చు. ‘అప్’ అటూ ఇటూ జరుగుతుంది. ‘ఇన్’ జరగదు. తన వెనక వచ్చే నామాన్ని గట్టిగా పట్టుకునే ఉంటుంది. దాని తర్వాత నామమైనా రావాలి, ‘ఇంగ్’ చేరిన క్రియైనా రావాలి. ‘ఇండల్జ్ ఇంటూ’ అని మనవాళ్లు రాస్తారు, అది తప్పు. ‘ఇండల్జ్ టు డూ’ అనేది అంతకంటే తప్పు.

‘ఇన్’ లేకుండా కూడా ఈ క్రియ బతుకుతుంది. అసలు కిటుకంతా అక్కడే ఉంది. ‘షీ ఇండల్జెస్ హర్ గ్రాండ్‌సన్’ అంటే ఆవిడ మనవణ్ణి గారాబం చేస్తుందని. ఇక్కడ ఇద్దరు మనుషులున్నారు. గారం చేసే బామ్మ, గారాలు పోయే మనవడు. ‘హీ ఇండల్జెస్ ఇన్ ఎ సిగార్ ఆన్ సండేస్’ అంటే ఆదివారం పూట ఆయన ఒక చుట్ట కాల్చుకుని ఆ ముచ్చట తీర్చుకుంటాడని. ఇక్కడ మనిషి ఒక్కడే. రెండో చోట చుట్ట కూర్చుంది. ‘ఇన్’ వచ్చి ఒక మనిషిని పంపించేసింది.

ఇంకొకటి గమనించండి. రోజూ పొద్దున పళ్లు తోముకునేవాణ్ణి ఈ మాటతో చెప్పరు. మధ్యాహ్నం అన్నం తినేవాణ్ణీ చెప్పరు. ఆదివారం అని ఉండాలి, ఒక్కటి అని ఉండాలి, డాక్టరు వద్దన్నాడని ఉండాలి. ఎక్కడో ఒక హద్దు గీసి ఉంటే, ఆ గీతను ఈ పూటకు కాస్త పక్కకు జరిపితే, అప్పుడు ‘ఇండల్జ్ ఇన్’. ఇంగ్లిషువాళ్ల ఇంట్లో ‘నో థాంక్స్, ఐ డోంట్ ఇండల్జ్’ అని ఎవరైనా అన్నారంటే, తమకు మందు అలవాటు లేదని మర్యాదగా చెప్పారన్నమాట. అక్కడ ‘ఇన్’ లేదు, మందు పేరూ లేదు. ఏది వద్దన్నారో అందరికీ తెలుసు.

ఇప్పుడు మాస్టారు వెతకమన్న ఇచ్చేవాడి దగ్గరికి వెళదాం. లాటిన్‌లో ‘ఇండుల్గేరె’ అంటే దయచూపడం, పట్టు సడలించడం, చూసీచూడనట్టు పోవడం. దాన్నుంచి వచ్చిన ‘ఇండుల్గెంతియా’ రోమన్ చక్రవర్తుల పాలనలో పరిపాలన పదమైంది. పన్ను మాఫీ చేస్తే అది ఇండుల్గెంతియా, శిక్ష రద్దు చేస్తే అదీ ఇండుల్గెంతియానే. 438లో ప్రకటించిన థియోడోసియస్ న్యాయస్మృతిలో ఈ క్షమల కోసం ఒక అధ్యాయమే కేటాయించారు. ఈస్టర్ పండగకు ఖైదీలను విడిచిపెట్టే ఆజ్ఞలు అందులో ఉన్నాయి. హత్య, రాజద్రోహం లాంటి నేరాలు చేసినవాళ్లకు ఆ విడుదల లేదని కూడా అందులోనే ఉంది. ఇవ్వడానికి చక్రవర్తి ఉన్నాడు, ఇచ్చేదానికి హద్దూ ఉంది.

చక్రవర్తి నుంచి మాట చర్చి చేతికి వెళ్లింది. మన సాంఘికశాస్త్రం పుస్తకాల్లో ‘పాపపరిహార పత్రాలు’ అని చదువుకున్నామే, అవే ఇండల్జెన్సులు. ఆ పాఠం చెబుతూ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ఆ పత్రం పాపాన్నే తుడిచేస్తుందని చెబుతారు. చర్చి సిద్ధాంతం అది కాదు. పాపం ఒప్పుకుని పశ్చాత్తాపపడితే దేవుడు క్షమిస్తాడు. క్షమ దొరికాక కూడా అనుభవించాల్సిన శిక్ష కొంత మిగిలి ఉంటుంది. ఈ లోకంలో కాకపోతే చచ్చాక శుద్ధి జరిగే చోట అనుభవించాలి. ఆ మిగులును తగ్గించేది ఇండల్జెన్సు. 1095లో క్లెర్మోంట్‌లో రెండో అర్బన్ పోపు, జెరూసలేం యాత్రకు బయల్దేరేవాళ్లకు దీన్ని వాగ్దానం చేశాడు. మొదట ప్రయాణానికి ఇచ్చారు, తర్వాత విరాళానికి, చివరికి డబ్బుకు.

అచ్చుపనిలో బతికినవాణ్ణి కనక ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. గూటెన్‌బర్గ్ అనగానే మనకు బైబిలు గుర్తొస్తుంది. అయితే యూరపులో అచ్చు అక్షరాలతో వేసిన వాటిలో, తేదీతో సహా దొరుకుతున్న అతి పాత కాగితాలు 1454 నాటి ఇండల్జెన్సు పత్రాలు. సైప్రస్ రక్షణకు డబ్బు పోగుచెయ్యడం కోసం వేసినవి. పుచ్చుకునేవాడి పేరుకు, తేదీకి ఖాళీలు వదిలి మిగతాదంతా అచ్చువేశారు. మన రేషన్ ఆఫీసులో దరఖాస్తు ఫారం నింపినట్టు, ఒక మనిషి పేరు నింపి దయను చేతిలో పెట్టేవారు. నేను మొదటిసారి ఈ సంగతి చదివినప్పుడు చాలాసేపు పుస్తకం మూయలేదు. పెదవి మీదనుంచో గుండెలోంచో రావాల్సింది ఖాళీ నింపే కాగితమైపోయింది.

ఆ తర్వాతి కథ మీకు తెలుసు. రోములో సెయింట్ పీటర్ చర్చి కట్టడానికి పదో లియో పోపు అనుమతితో, జర్మనీలో టెట్జెల్ ఊరూరా తిరిగి పత్రాలు అమ్మాడు. 1517 అక్టోబరు 31న విట్టెన్‌బర్గ్‌లో మార్టిన్ లూథర్ 95 వాదాంశాలతో దాన్ని ప్రశ్నించాడు. యాభై ఏళ్లకు, 1567లో అయిదో పయస్ పోపు డబ్బుతో ముడిపడిన ఇండల్జెన్సులన్నిటినీ రద్దు చేశాడు. అమ్మకం ఆగింది, మాట మీద పడ్డ మరక మాత్రం పోలేదు. ప్రొటెస్టెంటు ఇంగ్లండులో ఆ మాట వినగానే అర్హత లేనివాడికి దొరికిన సడలింపు అనే ధ్వని స్థిరపడిపోయింది.

నామం ఇంగ్లిషులో పద్నాలుగో శతాబ్దం నుంచే ఉంది. క్రియగా ‘ఇండల్జ్’ వచ్చింది పదిహేడో శతాబ్దంలో. సరిగ్గా ఆ శతాబ్దంలోనే ఇంగ్లండు రాజులు ఈ పేరుతో ప్రకటనలు చేశారు. 1672లో రెండో ఛార్లెస్, రాజమతం పాటించనివాళ్ల మీది శిక్షల్ని ఆపుతూ ‘డిక్లరేషన్ ఆఫ్ ఇండల్జెన్స్’ ఇచ్చాడు. పార్లమెంటు ఒప్పుకోలేదు. మరుసటేడు వెనక్కి తీసుకున్నాడు. 1687లో రెండో జేమ్స్ మళ్లీ ఇచ్చాడు. 1688లో దాన్ని చర్చిల్లో చదివి వినిపించమన్నాడు. ఏడుగురు బిషప్పులు కాదన్నారు. వాళ్ల మీద కేసు పెట్టాడు. జ్యూరీ నిర్దోషులంది. ఆ ఏడు డిసెంబరుకల్లా జేమ్స్ దేశం విడిచి పారిపోయాడు. ఆ గొడవలో మతద్వేషం బోలెడుంది, కాదనను. బిషప్పులు అడిగిన ప్రశ్న మాత్రం మన మాటకు ప్రాణం లాంటిది. పార్లమెంటు చేసిన చట్టాన్ని సడలించే హక్కు రాజుకు ఎక్కడిది? ఇచ్చేవాడికి ఇచ్చే అధికారం ఉండాలి కదా.

ఆ శతాబ్దంలోనే ఈ క్రియ లోపలికి తిరిగింది. ఒకడు ఇంకొకడి కోరికను మన్నించడం పోయి, తన కోరికను తానే మన్నించుకోవడం మొదలైంది. చక్రవర్తీ తనే, ఖైదీ తనే. విడుదల పత్రం తనే రాసుకుని తనే పుచ్చుకున్నాడు. మాస్టారూ, మీరడిగిన ఇచ్చేవాడు ఎక్కడికీ పోలేదు. పుచ్చుకునేవాడి లోపలికి వెళ్లి కూర్చున్నాడు.

ఈ తిరుగుడు మన తెలుగుకు చాలా బాగా తెలుసు. ఇంగ్లిషుకు ‘ఇన్’ కావలసి వచ్చిన చోట మనకు ‘కొను’ ఉంది. వండింది అంటే ఎవరికోసమైనా కావచ్చు. వండుకుంది అంటే తనకు. చెప్పాడు వేరు, చెప్పుకున్నాడు వేరు. ‘తిట్టాడు’లో ఇద్దరున్నారు, ‘తిట్టుకున్నాడు’లో ఒక్కడే నలుగుతున్నాడు. అలాగే ముచ్చట తీర్చడం, ముచ్చట తీర్చుకోవడం. వేవిళ్లప్పుడు కోడలు అర్ధరాత్రి పుల్లమామిడికాయ అడిగితే, వెతికి తెచ్చిన అత్తగారు ముచ్చట తీర్చింది. చంటిపిల్లాడు నిద్రపోయాక, ఆ కోడలే వంటింట్లో కూర్చుని ఆవకాయ అన్నం కలుపుకుని తింటే ముచ్చట తీర్చుకుంది. మొదటిది ‘ఇండల్జ్’, రెండోది ‘ఇండల్జ్ ఇన్’. ‘కొను’ చేరినంత మాత్రాన మన మాటకు మరక అంటలేదు చూడండి. ముచ్చట తీర్చుకున్నవాణ్ణి తెలుగు నిలదీయదు. తీరని ముచ్చటను చూసి జాలిపడుతుంది.

మరి పత్రికల్లో ఈ ‘పాల్పడు’ ఎలా వచ్చి కూర్చుంది? దానికి సగం కారణం మన దేశపు ఇంగ్లిషు. ఇంగ్లండులో ‘ఇండల్జ్ ఇన్’ వెనక చాక్లెట్టు వస్తుంది, పగటికల వస్తుంది, పాత జ్ఞాపకం వస్తుంది, ఊహాగానం వస్తుంది. మన దేశంలో పోలీసు ప్రకటన చదవండి, పరీక్షల నోటీసు చదవండి, ఆఫీసు మెమో చదవండి. ‘ఇండల్జింగ్ ఇన్ మాల్‌ప్రాక్టీస్’, ‘ఇండల్జింగ్ ఇన్ కరప్షన్’, ‘ఇండల్జింగ్ ఇన్ వయొలెన్స్’. ఇక్కడ సడలింపు లేదు, సరదా లేదు, ముచ్చట లేదు. చేశాడు అని చెప్పడానికి, అందులోనూ చెడ్డపని చేశాడు అని చెప్పడానికి మనవాళ్లకు ఈ మాట పనికొచ్చింది. దయగల రాజు నోట పుట్టిన మాట, ఆరోపణ చేసే గుమాస్తా చేతికొచ్చింది. ఇది మన ఇంగ్లిషు తప్పని నేననను. భాషలు కొత్త నేలలో కొత్త వేళ్లు వేస్తాయి. అయితే ఇక్కడి వాడుకను ఎరిగినవాడు అక్కడి వాడుకనూ ఎరిగి ఉండాలి. ఒక ఇంగ్లిషు రచయిత తన వ్యాసంలో తాను ‘నోస్టాల్జియా’లో ఇండల్జ్ అయ్యానని రాస్తే, దాన్ని తెలుగు చేసేవాడు ‘జ్ఞాపకాలకు పాల్పడ్డాను’ అని రాయకూడదు. ‘కాసేపు పాత రోజుల్లోకి వెళ్లొస్తాను, ఏమనుకోకండి’ అని రాయాలి. ఆ ‘ఏమనుకోకండి’ ఇంగ్లిషు వాక్యంలో కనిపించదు గానీ ఆ క్రియ కడుపులో ఉంది.

మిగతా సగం కారణం ‘పాల్పడు’ అనే మాటే. పాలు అంటే వాటా. పాలివాళ్లు అంటే ఆస్తిలో వాటా ఉన్న దాయాదులు. గంగపాలైంది, నవ్వులపాలయ్యాడు, అప్పులపాలయ్యాడు అంటాం. అప్పులు మనిషి వాటాకు రాలేదు, మనిషే అప్పుల వాటాకు పోయాడు. అలాగే పాల్పడినవాడు ఆ పని వాటాకు పోయినవాడని నాకనిపిస్తుంది. ఇంగ్లిషు ‘ఇన్’లోనూ మనిషి లోపలికి పడడమే ఉంది. రెండు భాషల వాళ్లూ ఒకే బొమ్మ గీశారు. తేడా రుచిలో ఉంది. ఇవాళ్టి తెలుగులో మంచిపని పక్కన ‘పాల్పడు’ను ఎవరూ పెట్టరు. దానధర్మాలకు పాల్పడ్డాడని ఎక్కడా వినలేదు. దొంగతనానికి, మోసానికి, దాడికి పాల్పడతారు. కనక కార్మికుల నినాదాల పక్కన నేను ఆ క్రియ పెట్టగానే, సాక్ష్యం లేకుండా తీర్పు చెప్పేశాను. కింద ఎన్ని వివరాలు ఇచ్చినా లాభం లేదు. మూడు నెలల జీతం బాకీ అన్న సంగతి నాలుగో పేరాలో ఉంది, ‘పాల్పడ్డారు’ శీర్షికలో ఉంది.

దీనికంటే నన్ను ఎక్కువ బాధపెట్టే వాడుక ఇంకొకటుంది. ‘రైతు ఆత్మహత్యకు పాల్పడ్డాడు’ అని రాస్తాం. ‘బలవన్మరణానికి పాల్పడింది’ అని రాస్తాం. ఎన్ని వందలసార్లు నా చేత్తోనే రాశానో లెక్కలేదు. దొంగతనానికి వాడే క్రియే, మోసానికి వాడే క్రియే. పురుగుమందు తాగి పొలం గట్టు మీద పడిపోయిన మనిషి ఏ నేరం చేశాడని? ఒకప్పుడు చట్టం కూడా అలాగే చూసేది. ఆత్మహత్యాయత్నం భారత శిక్షాస్మృతిలో 309వ సెక్షను కింద నేరంగా ఉండేది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, అలా ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే ముందుగా భావించాలని 115వ సెక్షనులో చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 లేదు. చట్టం తన మాట మార్చుకుంది. మన శీర్షికలు ఇంకా మార్చుకోలేదు. ‘ప్రాణం తీసుకున్నాడు’ అనడానికి మన భాషలో ఏ లోటూ లేదు. ‘అప్పుల బాధతో చనిపోయాడు’ అంటే కారణం కూడా చెప్పినట్టవుతుంది. ఈ సభలో పత్రికలవాళ్లున్నారు, ముఖ్యంగా డెస్కులో పనిచేసే పిల్లలున్నారు. మీకు చేతులు జోడించి చెబుతున్నాను. ఇవాళ రాత్రి షిఫ్టు నుంచే ఆ క్రియ మార్చండి.

పాత ఇండల్జెన్సు, అంటే ఇచ్చేవాడున్న ఇండల్జెన్సు, పూర్తిగా అంతరించిపోలేదు. బ్రిటిష్ పార్లమెంటులో కొత్త సభ్యుడు తొలి ప్రసంగం చేసేటప్పుడు సభ ఇండల్జెన్సు కోరడం ఆనవాయితీ. మన కోర్టుల్లో లాయర్లు ఇప్పటికీ ‘ఐ క్రేవ్ ద ఇండల్జెన్స్ ఆఫ్ దిస్ ఆనరబుల్ కోర్ట్’ అంటారు. సాధారణంగా దానర్థం ఇంకో వాయిదా కావాలని. సివిల్ ప్రొసీజర్ కోడ్ 17వ ఆర్డరు, విచారణ సాగుతుండగా ఒక పక్షానికి మూడుకు మించి వాయిదాలు ఇవ్వరాదంటుంది. రోమన్ చక్రవర్తి ఈస్టర్ ఆజ్ఞలో లాగే, ఇక్కడా ఇచ్చేదానికి ఒక హద్దు ఉంది. ఆ హద్దు ఎంతవరకు నిలుస్తోందో కోర్టు మెట్లెక్కిన మీకే తెలుసు.

అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సిన చోటు బ్యాంకు హామీపత్రం. ఇది మాస్టారు నాకు స్వయంగా చూపించారు. పక్కింటి కుర్రాడు ఆటో కొనుక్కోవడానికి అప్పు తీసుకుంటుంటే ఆయన హామీ సంతకం పెట్టాల్సి వచ్చింది. అందరూ చివరి పేజీ తిప్పి సంతకం పెడతారు. ఆయన ఫారమంతా ఇంటికి తెచ్చుకుని కళ్లద్దాలు పెట్టుకుని చదివారు. ఒక చోట పెన్సిలుతో గీత గీసి నన్ను పిలిచారు. ‘టైమ్ ఆర్ ఇండల్జెన్స్’ అని ఉంది. అప్పు తీసుకున్నవాడికి బ్యాంకు గడువు పొడిగించినా, చూసీచూడనట్టు వదిలేసినా, హామీదారు బాధ్యత తీరదని ఆ వాక్యం సారాంశం.

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 135వ సెక్షను ప్రకారం, హామీదారు ఒప్పుకోకుండా అప్పులవాడికి గడువిస్తానని అప్పిచ్చినవాడు ఒప్పందం చేసుకుంటే హామీదారు విడుదలవుతాడు. ఆ రక్షణను ముందే వదులుకునేట్టు చెయ్యడానికే బ్యాంకులు ఈ మాట రాయించుకుంటాయి. మాస్టారు అన్నది నాకిప్పటికీ చెవుల్లో ఉంది. ‘దయ ఇచ్చేది బ్యాంకు, పుచ్చుకునేది వాడు. వాడు కట్టకపోతే కట్టేది నేను. ముగ్గురున్నార్రా ఈ మాటలో.’ అన్నీ తెలిసే సంతకం పెట్టారు. ఆ కుర్రాడు వాయిదాలన్నీ తప్పకుండా కట్టాడు. ఇవాళ ఇక్కడే ఎక్కడో వెనకాల నిలబడి ఉన్నాడు.

ఇప్పుడు కొత్త తరం ఈ మాటను ఎక్కువగా చూసేది దుకాణం బోర్డుల మీద. కేకు పక్కన, మసాజ్ కేంద్రం గాజుతలుపు మీద, సబ్బు డబ్బా మీద ‘ఇండల్జ్’ అని ఉంటుంది. ‘ఇన్’ లేదు, మనవడు లేడు, బామ్మ లేదు, ఊరికే ‘ఇండల్జ్’. నువ్వు కష్టపడ్డావు, నీకు హక్కుంది, తీసుకో అని ఆ మాట చెవిలో చెబుతుంది. పన్నెండు గంటలు పనిచేసి వచ్చిన అమ్మాయి ఐస్‌క్రీం తిన్నందుకు నాకేమీ అభ్యంతరం లేదు, ఆ అమ్మాయి నా మనవరాలే కావచ్చు. నా బాధ వేరు. ఇచ్చేవాడి కుర్చీ ఖాళీ అయినప్పుడు, సరుకు అమ్మేవాడు వచ్చి అందులో కూర్చున్నాడు. అనుమతి ఇస్తున్నదీ అతనే, డబ్బు తీసుకుంటున్నదీ అతనే. టెట్జెల్ చేసిన పనీ అదే కదా.

అందుకని ఈ క్రియను పిల్లలకు చెప్పేటప్పుడు ఉపాధ్యాయులు ‘ఇండల్జ్ ఇన్ అంటే మునిగిపోవు, పాల్పడు’ అని నల్లబల్ల మీద రాసి వదిలెయ్యొద్దని కోరుతున్నాను. ముందు ‘ఇన్’ లేని వాక్యం చెప్పండి. అందులో ఇచ్చేదెవరో, పుచ్చుకునేదెవరో అడగండి. తర్వాత ‘ఇన్’ చేర్చి, ఎవరు తప్పుకున్నారో అడగండి. ఆరో తరగతి పిల్లలు కూడా చెబుతారు. వాళ్ల ఇళ్లల్లో బామ్మలున్నారు, తాతలున్నారు, ‘పోనీలే, ఇవాళొక్కరోజు’ అనే మాట వాళ్లు రోజూ వింటూనే ఉంటారు.

‘పోనీలే’ దగ్గరికి వచ్చాను కనక, ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. అమ్మగారు కోప్పడరనే ధైర్యంతో చెబుతున్నాను.

మాస్టారి చివరి వేసవి. షుగరు బాగా పెరిగి కాలి వేలొకటి తీసేశారు. నేను చూడ్డానికి వెళ్లేసరికి వరండాలో పడకకుర్చీలో ఉన్నారు. నూజివీడు నుంచి ఎవరో మామిడిపళ్లు తెచ్చిచ్చారు. గంపలోంచి వాసన వీధిదాకా వస్తోంది. ఆయన అమ్మగారి వంక చూసి ఏమీ అడగలేదు. చూపు మాత్రం గంప వైపు వెళ్లి వచ్చింది. అమ్మగారు కాసేపు ఊరుకున్నారు. డాక్టరు రాసిన కాగితం గోడ మీద మేకుకు వేలాడుతోంది. తర్వాత ‘పోనీలెండి, ఒక్కటి’ అని లేచారు.

మాస్టారు నా వైపు తిరిగి, పాత పోస్టుకార్డు సంగతి మర్చిపోనట్టు అడిగారు. ‘ఏరా, ఇప్పుడు ఇండల్జ్ చేసిందెవరు? ఇండల్జ్ ఇన్ అయిందెవరు?’

నేను జవాబు చెప్పేలోపే అమ్మగారు వచ్చారు. పండు చెక్కలు కోసి, ఒక చెక్క ఆయనకిచ్చి, మిగతాదంతా నా చేతిలో పెట్టారు.